అక్క పరుగు మీద మండల పరిషత్ తీర్మానం

పంచాయతీరాజ్‌లో పనిచేసేవాళ్లకు తీర్మానాల పుస్తకం గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. పొడుగాటి పుస్తకం, పేజీలకు అచ్చు నెంబర్లు, ఒక్క కాగితం చించడానికి వీలుండదు. పైన తేదీ, సమావేశం జరిగిన చోటు, హాజరైన సభ్యుల సంతకాలు. ఆ కింద వరసగా అంశాలు, ఒక్కో అంశం కింద దాని తీర్మానం. చేతిపంపు రిపేరు, బోరు, పైపులైను, వీధి దీపాలు, పశుగ్రాసం, ఇంటి పన్ను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను రాస్తున్నవన్నీ ఇవే. అనంతపురం జిల్లాలో ఏ ఊరి పుస్తకం తిరగేసినా సగానికి సగం నీళ్ల గోడే ఉంటుంది.

మా మండల పరిషత్ పాత పుస్తకాల్లో ఒకదాంట్లో మాత్రం మా అక్క పరుగు మీద ఒక తీర్మానం ఉంది. పదో తరగతిలో ఉన్నప్పుడు అక్క రాష్ట్రస్థాయి పాఠశాలల క్రీడాపోటీల్లో 3000 మీటర్ల పరుగులో మొదటి స్థానం తెచ్చుకుంది. ఆ పందెం నేను చూడలేదు. దాని మీద తీర్మానం రాసేటప్పుడు మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి మొత్తం చూశాను. ఆరో తరగతి పిల్లవాడికి అందులో గొప్పేముందో అప్పట్లో తెలియలేదు. ఇన్నేళ్లు ఇవే పుస్తకాలు రాశాక, అట్లాంటి తీర్మానం ఎంత అరుదో తెలిశాక, ఆ రోజు సంగతులన్నీ ఒకచోట పెట్టాలనిపించింది.

మా ఊరు కళ్యాణదుర్గం వైపు. ఏడాది మొత్తం మీద జిల్లాలో పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. దేశంలో మరీ తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటని బళ్లో చెప్పేవాళ్లు. జూన్, జూలైల్లో పదును పడితే చెనిక్కాయ విత్తనం వేయడం, ఆ తర్వాత మబ్బుల వంక చూస్తూ కూర్చోవడం. నాయనకు ఉన్న ఐదెకరాల మెట్టలో పంట వచ్చిన ఏళ్లు తక్కువ. ఊరి చెరువు నిండిన ఏడు గంగమ్మకు పొట్టేళ్లు కోసేవాళ్లు. నిండని ఏళ్లలో చెరువు అడుగు పగుళ్లిచ్చి, ఆ పగుళ్లు మళ్లీ మట్టితో పూడి, పశువుల తొక్కుడుకు చదునై, గట్టి నేలగా తయారయ్యేది. మా హైస్కూలు మండల కేంద్రంలో ఉండేది. అక్కడి చెరువుదీ అదే స్థితి. బడికి ఆటస్థలమని ఒకటి ఉన్నా దాన్నిండా గుండ్రాళ్లే. అందుకని డ్రిల్ సార్ పిల్లల్ని చెరువులోకి దింపేవాడు.

డ్రిల్ సార్ అంటే పీఈటీ. మా వైపు వాడు కాదు. కొత్తగా పోస్టింగు వచ్చి, బస్టాండు వెనక ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కడే ఉండేవాడు. చెరువులో కంపచెట్లు కొంత నరికించి, తాడుతో కొలిచి, సున్నంతో 200 మీటర్ల ట్రాక్ గీశాడు. అసలు ట్రాక్ 400 మీటర్లు ఉండాలట. అంత చోటు చదును చేయడం పిల్లలతో అయ్యే పని కాదు. గాలికి సున్నం కొట్టుకుపోతే మళ్లీ గీసేవాడు. మా జిల్లా ఆషాఢ గాలి ఎట్లాంటిదో తెలిసినవాళ్లకు ఆయన ఎన్నిసార్లు గీసి ఉంటాడో అర్థమవుతుంది.

అక్క ఆయన కంట్లో పడింది ఆగస్టు 15 ఆటలపోటీల్లో. ఆడపిల్లలకు బడి చుట్టూ రెండు రౌండ్లు పరుగు పెట్టారు. మొదటి రౌండుకే చాలామంది నడకలో పడ్డారు. అక్క రెండో రౌండు మొదటిదానికన్నా జోరుగా పరిగెత్తింది. గెలవడం కంటే అదే సార్‌కు నచ్చింది. మరుసటి రోజు మా ఇంటికి వచ్చాడు.

నాయన ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. సార్ చెప్పిందంతా విన్నాడు. అవ్వ మాత్రం లోపలి నుంచి, "ఆడపిల్ల చెరువులో పరిగెత్తేదేంది సామీ, ఊరంతా చూస్తుంటే?" అంది. సార్ దానికి జవాబు చెప్పకుండా, "అవ్వా, పొద్దున చీకట్లోనే మొదలుపెట్టి పొద్దుపొడిచేలోపు ముగిస్తాం. ఇంకో నలుగురు ఆడపిల్లలు కూడా వస్తారు. మీ మనవడిని తోడు పంపండి" అన్నాడు. ఆ మనవడిని నేనే.

అట్లా రోజూ చీకటితో అక్క వెంట నేనూ బయల్దేరేవాణ్ణి. నాకు అప్పగించిన పని రౌండ్లు లెక్కపెట్టడం. 3000 మీటర్లంటే మా ట్రాక్ మీద పదిహేను రౌండ్లు. పరిగెత్తేవాళ్లకు లెక్క తప్పుతుంది, చూసేవాళ్లకూ తప్పుతుంది. అందుకని కుడి జేబులో పదిహేను చెనిక్కాయలు వేసుకుని, అక్క నా ముందు నుంచి పోయినప్పుడల్లా ఒకటి తీసి ఎడమ జేబులో వేసుకునేవాణ్ణి. కుడి జేబులో ఇంకొక్కటే మిగిలితే రాయితో సత్తు కంచం మీద టంగున కొట్టాలి. అది ఆఖరి రౌండుకు గంట. సార్ చేతిలో కీ ఇచ్చే స్టాప్‌వాచ్ ఉండేది, బడికంతటికీ అదొక్కటే. గంట మోగాక ఆయన వాచీ వంక చూడడం మానేసి అక్క కాళ్ల వంక చూసేవాడు. పరుగు అయిపోయాక ఎడమ జేబులోని చెనిక్కాయలన్నీ ఒలిచి ఇద్దరం తినేవాళ్లం.

చీకట్లో మనిషి కనపడేది కాదు. ముందు పాదాల చప్పుడు దూరం నుంచి వినపడేది, దగ్గరయ్యేకొద్దీ ఊపిరి వినపడేది, అప్పుడు నాయన పాత చొక్కా తెల్లగా కనపడేది. పదో రౌండు దాటాక ఊపిరి చప్పుడు మారుతుంది. అందరి విషయంలో అది చెడిపోతుంది. అక్కది మాత్రం ఆ తర్వాత కుదుటపడేది. దాన్ని ఆ చీకట్లో చెవులతోనే కనిపెట్టాను నేను. సార్‌కు చెబితే నా భుజం మీద చెయ్యేసి, "లాంగ్ డిస్టెన్స్ వాళ్ల లక్షణం అది" అన్నాడు.

బూట్లు లేవు. ఒట్టి కాళ్లే. దాని గురించి అక్క లోపల బాధపడుతోందని తెలిసి కాబోలు, సార్ హరిచంద్ గురించి చెప్పేవాడు. పంజాబ్ మనిషి, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు ఒట్టి కాళ్లతో 28 నిమిషాల 48 సెకన్లలో పరిగెత్తాడని. రెండేళ్లకు బ్యాంకాక్ ఏషియాడ్‌లో 5000, 10,000 రెండింట్లోనూ బంగారు పతకాలు తెచ్చాడని. అదే 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ మారథాన్‌ను 2 గంటల 12 నిమిషాల్లో ముగించాడని. ఆ రికార్డును దశాబ్దాల తరబడి మన దేశంలో ఎవరూ చెరపలేకపోయారు. ఆడపిల్లలకు చెప్పడానికి పీటీ ఉష ఉండనే ఉంది. 1984 లాస్ ఏంజెలిస్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోయింది. రెండేళ్లకు సియోల్ ఏషియాడ్‌లో నాలుగు బంగారు పతకాలు తెచ్చింది. పేపర్లో పడిన ఆమె ఫోటో కత్తిరించి స్టాఫ్ రూము గోడకు అంటించాడు సార్.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. అది అక్క ఇప్పటికీ తన పిల్లలకు చెబుతుంది. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు 800 మీటర్లు పెట్టి, ఇంత దూరం ఆడవాళ్ల వల్ల కాదని తీసేశారు. మళ్లీ 1960 దాకా పెట్టలేదు. 3000 మీటర్లు అయితే 1984లో గానీ ఒలింపిక్స్‌లో రాలేదు. ఆ ఏడే ఆడవాళ్ల మారథాన్ కూడా మొదటిసారి పెట్టారు. అంటే అక్క చెరువులో పదిహేను రౌండ్లు పరిగెత్తేనాటికి, ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఆ పందెం దక్కి నిండా ఐదేళ్లు కాలేదు. మా అవ్వ ఒక్కతే కాదన్నమాట అట్లా అనుకున్నది.

తిండి సంగతి అమ్మ చూసుకుంది. రాత్రి నానబెట్టిన చెనిక్కాయలు, బెల్లం ముక్క పొద్దున పరుగు కాగానే. మధ్యాహ్నానికి సంగటి, ఊరిబిండి. ఇంట్లో ఆవు ఉన్నన్నాళ్లు పాలు. గుడ్లు తినిపించమన్నాడు సార్. వారానికి ఎన్ని కుదిరితే అన్ని.

మండలం గెలిచింది. అప్పట్లో జోనల్, జిల్లా పోటీలను పెద్దవాళ్లు ఇంకా గ్రిగ్ స్పోర్ట్స్ అనే పిలిచేవాళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో విద్యాశాఖను నడిపిన గ్రిగ్ అనే దొర పేరు అది. దొరలు పోయి నలభై ఏళ్లయినా బళ్లలో ఆ పేరు పోలేదు. అనంతపురంలో జిల్లా పోటీలకు నేనూ పోయాను, నాయనతో. అక్క చాలా దూరం ముందు వచ్చింది. దాని గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు, పోటీ లేని పరుగు. రాష్ట్రస్థాయి పోటీలు గుంటూరులో.

గుంటూరంటే మాకు మరో దేశం. గుంతకల్లు దాకా బస్సు, అక్కడ చిన్న రైలు. ఆ దారి అప్పటికింకా మీటర్‌గేజ్. నంద్యాల దాటి నల్లమలలో పడి, గిద్దలూరు, మార్కాపురం, దొనకొండ మీదుగా పోయేది. సార్, ఆయన భార్య (ఆడపిల్లకు తోడుగా ఆమెను ప్రత్యేకం ఊరి నుంచి పిలిపించాడు), అక్క, ఇంకో ఇద్దరు జంప్స్ పిల్లలు. రైల్వే కన్సెషన్ ఫారాల మీద హెడ్మాస్టర్ సంతకం కోసం సార్ రెండ్రోజులు తిరిగాడు. అమ్మ చెనిక్కాయ ఉండలు చేసి డబ్బాలో పెట్టింది. నేను జేబులో దాచుకున్న పదిహేను కాయలు మూటగట్టి ఇచ్చాను. ఎందుకిచ్చానో నాకే తెలియదు, అక్కడ లెక్కపెట్టడానికి వేరే మనుషులుంటారని సార్ చెప్పినా సరే.

పందెం గురించి నాకు తెలిసిందంతా అక్క చెప్పిందే. 400 మీటర్ల ట్రాక్ మీద 3000 అంటే ఏడున్నర రౌండ్లు. అందువల్ల మొదలుపెట్టే చోటు ఒకవైపు, ముగిసే చోటు దానికి ఎదురువైపు. చెరువులో మొదలుపెట్టిన చోటే ఆగే అలవాటున్న మనిషికి అదొక టెన్షన్. పైగా అక్కడి గాలి వేరు, చెమట ఆరదట. మా దగ్గర చెమట పట్టినట్టే తెలియదు, పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. గుంటూరులో నాలుగో రౌండుకే చొక్కా వీపుకు అతుక్కుపోయిందట. ముగ్గురు పిల్లలు స్పైక్స్ (అడుగున మేకులుండే బూట్లు) వేసుకుని ముందుకు వెళ్లిపోయారు. అక్క సార్ చెప్పినట్టు వాళ్లను పోనిచ్చి, వెనకే ఉండి, ఒక్కో రౌండుకు రెండు చెనిక్కాయలు లెక్కేసుకుందట. గంట మోగాక ఇద్దర్ని దాటింది. మూడో అమ్మాయిని ఆఖరి మలుపు తిరిగాక పట్టుకుంది. దాటేటప్పుడు ఆ అమ్మాయి ఊపిరి విన్నాననీ, అది చెడిపోయిన ఊపిరనీ చెప్పింది. "నువ్వు చెప్పినావు చూడు, అట్లా ఉన్నింది" అంది నాతో. ఆ మాట నాకు ఏ బహుమతికన్నా ఎక్కువ.

టెలిగ్రాం బడికి వచ్చింది. ప్రేయర్ దగ్గర హెడ్మాస్టర్ సార్ చదివారు. బడంతా చప్పట్లు కొట్టింది, నా చుట్టూ ఉన్న పిల్లలు నన్ను గుద్దారు. సాయంత్రం కడప రేడియోలో వస్తుందేమోనని ఇంట్లో అందరం రేడియో దగ్గర కూర్చున్నాం. రాలేదు. పేపర్లో రెండు లైన్లు వచ్చాయి, అందులో ఊరి పేరు లేదు, జిల్లా పేరు ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో సార్ సర్టిఫికెట్ తీసి చూశాడట. పేరు సరిగానే ఉంది. ప్రథమ స్థానం అని ఉంది. ఏ అంశంలో అన్న చోట మాత్రం ఒట్టి "అథ్లెటిక్స్" అని రాసి వదిలేశారు. పరుగా, దూకుడా, విసురుడా, ఎన్ని మీటర్లు, ఏమీ లేదు. పోటీలు ముగిసే వేళ హడావిడిలో ఎవరో కట్టలుకట్టలుగా రాస్తూ పోయి ఉంటారు. సార్ ఇంటికి చేరిన మరుసటి రోజే ఉత్తరం రాశాడు. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత రిజిస్టరు పోస్టులో ఇంకోటి. ఏ ఆఫీసుకు రాశాడో ఇక్కడ అనవసరం. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఆయన కంగారుకు కారణముంది. అక్క పదో తరగతి ఆ మార్చితో అయిపోతుంది. అప్పటికే మేనత్త వాళ్లు సంబంధం మాట ఎత్తారు. ఇంటర్‌లో సీటు, హాస్టలు దొరికితే చదువు సాగుతుంది, లేకపోతే వైశాఖంలో పెళ్లి. ఆటల కోటా అని అడగాలంటే చేతిలో కాగితం గట్టిగా ఉండాలి. అందరూ గెలుపు గురించి మాట్లాడుతుంటే, సార్ ఒక్కడే ఆ ఖాళీ గురించి ఆలోచించాడు.

మండలాలు వచ్చిన కొత్త రోజులవి. తాలూకాలు, సమితులు పోయి, ఆ చోట మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి. 1987లో ఎన్నికలు జరిగాయి. అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకున్నారు, ఊళ్ల సర్పంచులు సభ్యులు. ఎండీఓ (మండల అభివృద్ధి అధికారి) ఆఫీసుకింకా సొంత భవనం లేదు, పాత సత్రంలో నడిచేది. బడి సంగతులు చెప్పడానికి హెడ్మాస్టర్ సార్ కూడా సమావేశానికి పోయేవారు. సంక్రాంతి తర్వాత జరిగిన సమావేశానికి ఆయన వెంట డ్రిల్ సార్, అక్క, నాయన, తోకలాగా నేను పోయాం. మమ్మల్ని వరండాలో ఉండమన్నారు. నేను కిటికీ దగ్గర చోటు చూసుకున్నాను.

లోపల బెంచీల మీద సర్పంచులు. పొద్దున మొదలైంది మధ్యాహ్నం దాటినా నీళ్ల దగ్గరే ఉంది. ఏ ఊరి చేతిపంపు ఎన్నాళ్లుగా చెడిపోయి ఉంది, రిగ్గు ఎప్పుడొస్తుంది, పశువులకు మేత ఎక్కడి నుంచి తేవాలి. గొంతులు పెరిగాయి. ఒకాయన కుర్చీలోంచి లేచి వెళ్లిపోబోతే పక్కాయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. వీళ్లు అక్క మాట ఎత్తుతారని నాకు నమ్మకం పోయింది. నాయన చేతిలో తువ్వాలు తిప్పుతూ, "పోదాం పా సార్, ఆయప్పల తిప్పలు ఆయప్పలవి" అన్నాడు. డ్రిల్ సార్ కదల్లేదు.

చివరికి హెడ్మాస్టర్ సార్ లేచి రెండు ముక్కల్లో సంగతి చెప్పి, అభినందన తీర్మానం చేయమని అడిగారు. అజెండాలో లేని అంశం కదా అని ఒక సభ్యుడు అన్నాడు. అది తప్పేమీ కాదు, నియమం ప్రకారం అడిగాడు. ఎండీఓ అధ్యక్షుడి వంక చూశాడు. "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు" అని ప్రతి అజెండాలోనూ చివర ఒక వరస ఉంటుంది. నా అనుభవంలో దాని కింద ఏదో ఒక బిల్లు దూరుతుంది. ఆ రోజు దాని కింద మా అక్క వచ్చింది.

ప్రతిపాదించింది మా ఊరి సర్పంచు కాదు. చెరువు నీళ్ల దగ్గర మా ఊరికీ వాళ్ల ఊరికీ పాత తగాదా ఉన్న పక్క ఊరి పెద్దాయన. తలపాగా, చెవులకు పోగులు. లేచి నిలబడి, "పొద్దన్నుంచి మనం లేనిదాని గురించే మాట్లాడుతాండాం. ఉన్నదాని గురించి ఒక మాట రాసుకుందాం. నేను పెడుతుండా తీర్మానం" అన్నాడు. మా ఊరి సర్పంచు బలపరిచాడు. అజెండా అడిగిన సభ్యుడే ముందుగా బల్ల చరిచాడు.

ఎండీఓ చెబుతుంటే గుమాస్తా రాస్తున్నాడు. ఉక్కు పాళీ కలం, పక్కన సిరాబుడ్డి. "పరుగుపందెంలో గెలిచినందుకు" అని ఎండీఓ అనగానే, గుమ్మం దగ్గర నిలబడ్డ డ్రిల్ సార్ రెండడుగులు లోపలికి వేసి, "సార్, బాలికల 3000 మీటర్లు అని రాయించండి సార్. దయచేసి అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి" అన్నాడు. సభ్యుడు కానివాడు లోపలికి రాకూడదు. ఎండీఓ ఏమీ అనలేదు. గుమాస్తా కలం ఆపి, సిరాలో ముంచి, అంకెలు వేసి, పక్కనే అక్షరాల్లో రాశాడు. అప్పుడు సార్ వెనక్కి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

తర్వాత గుమాస్తా అందరికీ వినపడేట్టు చదివాడు. ఫలానా గ్రామ వాస్తవ్యులు ఫలానా వారి కుమార్తె, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పదవ తరగతి విద్యార్థిని, రాష్ట్రస్థాయి పాఠశాలల క్రీడాపోటీలలో బాలికల 3000 మీటర్ల పరుగునందు ప్రథమ స్థానము పొందినందుకు ఈ సభ హర్షము వ్యక్తము చేయుచూ, ఆ బాలికను, తల్లిదండ్రులను, వ్యాయామ ఉపాధ్యాయుని అభినందించుచూ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. నాయన పేరు ముందు "శ్రీ", వెనక "గారు" పెట్టి చదివారు. అంతకుముందు ఏ ఆఫీసులోనూ ఆయన పేరు అట్లా పలకగా నేను వినలేదు. బ్యాంకు నోటీసులో కూడా ఒట్టి పేరే ఉండేది. నాయన తువ్వాలు భుజం మీద నుంచి తీసి చంకలో పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

సంతకాలు మొదలయ్యాయి. తీర్మానం పెట్టిన పెద్దాయనకు చదువు రాదు. ఇంకు ప్యాడ్ తెచ్చారు. ఎడమ బొటనవేలు ప్యాడ్ మీద అటూ ఇటూ దొర్లించి, పుస్తకంలో తన పేరు పక్కన ఒత్తి, సిరా అలుక్కుపోకుండా వేలు నిలువునా పైకి లేపాడు. వేలు తలపాగా కొనకు తుడుచుకుని వరండాలోకి వచ్చి అక్క తల మీద ఆ చెయ్యి పెట్టాడు. "ఎంతసేపు పరిగెత్తినావు పాపా?" అన్నాడు. అక్క, "పదకొండు నిమిషాల లోపలే తాతా" అంది. "అంతసేపు నిలబడకుండానా!" అన్నాడు ఆయన.

డబ్బు బహుమతి ఇద్దామని అధ్యక్షుడు అంటే దానికి పద్దు లేదన్నాడు ఎండీఓ. నిజమే, ఇప్పటికీ సులువుగా ఉండదు. సర్పంచులు తలా కొంత జేబులోంచి తీసి, బజారుకు మనిషిని పంపించి ఒక శాలువా, ఒక స్టీలు బిందె తెప్పించారు. ఆ బిందె మీద కూడా పేరు కొట్టించారు, తేదీతో సహా. అమ్మ దాన్ని చాలా ఏళ్లు కుళాయి దగ్గరికి తీసుకుపోయేది, పేరున్న వైపు బయటికి కనపడేట్టు చంకన పెట్టుకుని.

తీర్మానం నకలు వారం లోపల వచ్చింది. ఎండీఓ పచ్చ సిరా సంతకం, గుండ్రటి సీలు. సార్ దాన్ని సైకిల్ మీద స్వయంగా తెచ్చి నాయన చేతికిచ్చాడు. చట్టం ప్రకారం చూస్తే అది క్రీడల సర్టిఫికెట్‌కు బదులు కాదు. కానీ ఖాళీ ఉన్న సర్టిఫికెట్, ఖాళీ లేని తీర్మానం పక్కపక్కన పెడితే అనుమానానికి చోటుండదు. సరిగ్గా అదే జరిగింది. జూన్‌లో అనంతపురం కాలేజీలో అడ్మిషన్ల దగ్గర కూర్చున్న లెక్చరర్ సర్టిఫికెట్ చూసి, "అథ్లెటిక్స్ అంటే ఏమ్మా? షాట్‌పుట్టా?" అని అడిగాడు. అక్క రెండో కాగితం ముందుకు జరిపింది. ఆయన మొత్తం చదివి, పక్క కుర్చీలో ఆయనకు ఇచ్చాడు. ఆయనా చదివాడు. "మండల పరిషత్ తీర్మానమా!" అన్నాడు. సీటు, హాస్టలు రెండూ దొరికాయి.

ఇంట్లో కూడా ఆ కాగితమే పనిచేసింది. మేనత్త మళ్లీ వచ్చినప్పుడు నాయన సంబంధం గురించి అవుననలేదు, కాదనలేదు. ఫ్రేము కట్టించిన తీర్మానాన్ని గోడ మీది నుంచి దింపి ఆమె చేతిలో పెట్టి, మా మామతో చదివించాడు. చదవడం అయ్యాక, "ఇంతమంది సంతకాలు పెట్టినాక నేనొక్కణ్ణి ఆపితే బాగుంటుందా అక్కా?" అన్నాడు. అవ్వ మంచం మీద నుంచి, "ఆ పిల్లను పరిగెత్తనీ" అంది. పొద్దున చీకట్లో తప్ప బయటికి పంపొద్దన్న మనిషి ఆమె.

అక్క ఇంటర్‌లో, డిగ్రీలో కూడా పరిగెత్తింది. జాతీయ పాఠశాలల పోటీలకు అంతకుముందే పోయింది, పతకం రాలేదు. కేరళ, పంజాబ్ పిల్లల పరుగు చూసి వచ్చి ఒక వారం పాటు వాళ్ల గురించే చెప్పింది. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీ అయింది. డ్రిల్ సార్ బదిలీ అయి వెళ్లిపోయాడు. ఆయన పోయాక చెరువులో ట్రాక్ గీసినవాళ్లు లేరు. ఒక ఏడు మంచి వాన పడి చెరువు నిండింది కూడా. ఇప్పుడు అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల క్రీడా గ్రామంలో పిల్లలు పచ్చిక మీద ఆడుతుంటే చూసినప్పుడల్లా నాకు సార్ గుర్తొస్తాడు. ఆయన చేతిలో ఆ స్థలం ఉండి ఉంటే ఎంతమందిని తయారుచేసేవాడో.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మండలాఫీసుకు పనిమీద పోయి, రికార్డు గదిలో బీరువా తీయించి ఆ పుస్తకం చూశాను. కాగితం పసుపు రంగుకు తిరిగింది, సిరా గోధుమ రంగుకు. వేలిముద్ర మాత్రం గీతలతో సహా తెలుస్తోంది. దాని పైన ఉన్న అంశం నీళ్ల ట్యాంకర్ల బాడుగ. అటెండరు తొందరపెడుతున్నా రెండుసార్లు చదువుకున్నాను. అప్పటి నుంచి నేను రాసే ఏ తీర్మానంలోనూ పేరు, ఊరు, అంకె వదలను. బోరు లోతు అడుగుల్లో ఎంత, పైపు ఎన్ని మీటర్లు, ఎవరి ఇంటి నుంచి ఎవరి ఇంటి దాకా. నాతోటివాళ్లు ఇంత చాదస్తమేమిటంటారు. చాదస్తం కాదు, డ్రిల్ సార్ నేర్పిన పద్ధతి.

2023 అక్టోబర్‌లో హాంగ్జౌ ఏషియాడ్ ఆడవాళ్ల 5000 మీటర్ల రోజు అక్క ఫోన్ చేసింది. టీవీ పెట్టమంది. ఆఖరి మీటర్లలో పారుల్ చౌదరి జపాన్ అమ్మాయిని దాటి బంగారు పతకం గెలిచింది. ఫోన్లో ఇద్దరం అరిచాం. ఆ పారులే అంతకుముందు ఏడు 3000 మీటర్లను తొమ్మిది నిమిషాల లోపు ముగించింది, మన దేశంలో ఆ పని చేసిన మొదటి మహిళ. అక్క తన పదకొండు నిమిషాలకూ ఆ తొమ్మిదికీ మధ్య ఎన్ని మీటర్లుంటాయో అప్పటికప్పుడు లెక్క కట్టి చెప్పింది. ఐదు వందల మీటర్ల పైన. "చెరువులో అయితే రెండున్నర రౌండ్లురా" అంది ఎంతో సంతోషంగా.

ఇప్పుడు అక్క బడి పిల్లలు జిల్లా పోటీలకు పోతుంటారు. పోటీలు ముగిసిన సాయంత్రం అందరూ బస్సు కోసం తొందరపడుతుంటే ఆమె మాత్రం సర్టిఫికెట్లు రాసే టేబుల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. తన బడి పిల్లలవే కాదు, ఏ బడి పిల్లలవైనా ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, అంశం ఉందా, మీటర్లు ఉన్నాయా, ఊరి పేరు సరిగా ఉందా చూస్తుంది. లేకపోతే వెనక్కి ఇచ్చి రాయిస్తుంది. పోయిన నవంబర్‌లో చీకటి పడ్డా లేవలేదట. రాసేవాళ్లు కసురుకుంటే, "రాయండి సార్, మా బస్సు పోతే ఇంకోటి వస్తుంది" అందట. ఆ రాత్రి పిల్లలతో కలిసి ఆఖరి బస్సులో ఊరు చేరింది. ఆ సర్టిఫికెట్లలో ఒకటి ఆమె బడి అమ్మాయిది, బాలికల 3000 మీటర్లు, ప్రథమ స్థానం. వచ్చే గ్రామసభలో ఆ అమ్మాయి మీద తీర్మానం పెట్టించమని వాళ్ల పంచాయతీ కార్యదర్శికి నాతో ఫోన్ చేయించింది. ముసాయిదా రాసి పంపాను. అంకెల్లోనూ, అక్షరాల్లోనూ.